జలాంతర్గాములు ముందొచ్చాయి, డాక్‌యార్డ్ వెనకబడింది: విశాఖ నేపథ్యం

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన నౌకాదళానికి ఓడలు, శిక్షణ, అధిపతులు బ్రిటన్ నుంచే వచ్చేవి. 1958లో ఆర్.డి.కటారి బాధ్యతలు చేపట్టేదాకా ఆ కుర్చీలో భారతీయుడు కూర్చోలేదు. 1964లో రక్షణ మంత్రి వై.బి.చవాన్ వాషింగ్టన్, మాస్కో, లండన్ మూడూ తిరిగారు. కొత్త జలాంతర్గాములను మనం భరించగల షరతులకు ఇస్తానన్నది మాస్కో ఒక్కటే. 1965 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది.

మన సిబ్బంది అక్కడికెళ్లి రష్యన్ నేర్చుకుని శిక్షణ పొందారు. తొలి జలాంతర్గామి కల్వరి 1967 డిసెంబరు 8న సోవియట్ రేవు రీగాలో నౌకాదళంలో చేరి, మరుసటి జులైలో విశాఖ చేరింది. 1974 చివరికి ఈ ఫాక్స్‌ట్రాట్ రకానివి ఎనిమిదయ్యాయి.

ఒక్కోదానికి మూడు డీజిల్ ఇంజన్లు, మూడు మోటార్లు, పది టార్పెడో ట్యూబులు, 448 బ్యాటరీ సెల్స్. ఇవి చలి సముద్రాల కోసం గీసిన డిజైన్లు. బంగాళాఖాతం నీరు వెచ్చన కాబట్టి కూలర్లు చాలవు, ఛార్జింగ్‌లో సెల్స్ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. అప్పుడు వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. అందుకే ఛార్జింగ్ జరిగినంతసేపూ వెంటిలేషన్ ఆగకూడదు. ఇక తేమ స్విచ్‌బోర్డులపై చెమ్మగా దిగి ఇన్సులేషన్‌ను పడగొడుతుంది.

ఇవన్నీ సర్దుకోగల ఇబ్బందులే. అసలు దెబ్బ రిఫిట్ దగ్గర తగిలింది. రిఫిట్ అంటే రంగు వేయడం కాదు, ఓడను విప్పి చేసే పూర్తి మరమ్మతు: సెల్స్ అన్నీ బయటికి తీయాలి, ప్రెషర్ హల్ (నీటి ఒత్తిడిని తట్టుకునే ఉక్కు పొట్టు) మందం కొలవాలి, సముద్రం వైపు తెరుచుకునే ప్రతి వాల్వూ విప్పి చూడాలి. దానికి తగిన వర్క్‌షాపులతో సోవియట్ సాయంతో విశాఖలో తలపెట్టిన డాక్‌యార్డ్ నిర్మాణం ఏళ్ల తరబడి సాగింది. దాంతో తొలి జలాంతర్గాములు కొన్ని రిఫిట్ కోసం సోవియట్ తూర్పు కొసన ఉన్న వ్లాదివొస్తోక్ రేవు దాకా వెళ్లాయి. ఇప్పుడు ఆర్కే బీచ్‌లో జనం చూసే కురుసుర 1969 డిసెంబరులో చేరింది. 1975లో దాన్ని పక్కన పెట్టి, భాగాలు ఊడదీసి మిగతావాటికి బిగించారు. అది మళ్లీ పనిలోకి దిగింది 1980లలోనే.

విడిభాగాలదీ అదే తంతు. సోవియట్ కర్మాగారాలు నడిచేది ప్రణాళిక ప్రకారం. ఇండెంట్ (కావాల్సిన భాగాల కోరిక పత్రం) గడువు దాటితే వచ్చే ప్రణాళిక దాకా ఆగాల్సిందే. రష్యన్ కేటలాగ్ నంబరు తప్పు పడితే వచ్చేది వేరే వస్తువు.

ఇదే కాలంలో ముంబై మజగావ్ డాక్ బ్రిటిష్ సాయంతో లియాండర్ రకం ఫ్రిగేట్లు (మధ్యస్థాయి యుద్ధనౌకలు) కడుతోంది. మొదటిది నీలగిరి, 1972లో చేరింది. ఇక్కడ యార్డూ ఓడా కలిసే ఎదిగాయి, మా లెక్కన ఇదే సరైన వరస. అయితే వాటి కరెంటు 440 వోల్టులు, 60 సైకిల్స్. సోవియట్ పరికరాలది 380, 50. 1983లో చేరిన ఐఎన్ఎస్ గోదావరిలో బ్రిటిష్ వారసత్వపు స్టీమ్ యంత్రాలు, సోవియట్ క్షిపణులు ఒకే హల్‌లోకి వచ్చాయి. రెంటికీ పొసగడానికి మధ్యలో కన్వర్టర్లు పెట్టాల్సి వచ్చింది.