బొచ్చు లోపల నీడ

చిరంజీవులు సహస్ర, అద్వైత్‌లకు తాతయ్య ఆశీస్సులు.

కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌ సాఫ్ట్‌వేర్‌లో మీరు చేసిన కుక్కపిల్ల బొమ్మ అందింది. అది కూర్చున్న తీరు, ఒక చెవి వాలి ఉండటం ముచ్చటగా ఉన్నాయి. తెల్లగా ఉండాల్సిన కుక్క బూడిద రంగులో వస్తోందని, లైట్లు మూడు నుంచి ఏడుకు పెంచినా లాభం లేకపోయిందని రాశారు. ముందు ఆ అదనపు లైట్లన్నీ ఆర్పేయండి. మీ బొమ్మకు వెలుతురు తక్కువ కాలేదు. బొచ్చు లోపలి నీడ లెక్క తప్పింది.

గోడ మీదా, బంతి మీదా వెలుతురు లెక్క తేలిక. లైటుకు ఎదురుగా ఉన్న చోటు బాగా వెలుగుతుంది, పక్కకు తిరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. వెంట్రుక సన్నని గుండ్రటి పోగు. దానికి ఎదురూ వెనకా అంటూ ఏమీ లేవు. అందుకని పోగు ఏ దిశలో సాగిందో చూసి, ఆ దిశకూ వెలుతురుకూ మధ్య కోణం కొలవాలి. వెలుతురు అడ్డంగా తగిలితే పోగు బాగా వెలుగుతుంది. పోగు వెంబడే జారిపోతే దాదాపు చీకటే. త్రికోణమితి మొదలుపెట్టిన సహస్ర కోసం చెబుతున్నాను, ఇది ఆ కోణపు సైన్ విలువ, అంతే. 1989లో అమెరికాలోని కాల్‌టెక్‌ విశ్వవిద్యాలయంలో జేమ్స్ కజియా, తిమోతీ కే అనే ఇద్దరు ఈ సూత్రంతో ఒక టెడ్డీ బేర్ బొమ్మను కంప్యూటర్ చేత గీయించారు. ఈ పనిలో ఉన్నవాళ్లలో ఆ ఎలుగుబంటిని ఎరగనివారు అరుదు. మెరుపు సంగతి కూడా వాళ్లే చెప్పారు. పోగుకు తగిలిన కిరణం ఒక్క వైపుకే పోకుండా పోగు చుట్టూ శంకువు ఆకారంలో చెదురుతుంది. నున్నగా దువ్విన గుర్రం ఒంటి మీద మెరుపు గుండ్రటి చుక్కగా కాక, వెంట్రుకలకు అడ్డంగా పొడుగాటి చారగా కనిపించడానికి కారణం ఇదే.

అయితే వాళ్ల లెక్కలో వెలుతురు వెంట్రుక లోపలికి పోదు. నిజంలో పోతుంది. 2003లో స్టీఫెన్ మార్ష్‌నర్, ఆయన సహచరులు మనుషుల వెంట్రుకల మీద కొలతలు తీసి, వెలుతురుకు మూడు ముఖ్యమైన దారులున్నాయని చూపించారు. కొంత వెలుతురు పైనే తగిలి వెనుదిరుగుతుంది. దీనికి లైటు రంగే ఉంటుంది. కొంత ఇటు దూరి అటు బయటపడుతుంది. సాయంత్రం ఎండ వెనక నుంచి పడినప్పుడు పిల్లి చెవుల అంచు వెలిగిపోవడం ఇందువల్లే. ఇంకొంత లోపలికి దూరి, ఎదుటి గోడకు తగిలి, వెంట్రుక రంగును పట్టుకుని మళ్లీ మన వైపుకే వస్తుంది. అంటే ఒకే లైటుకు రెండు మెరుపులన్నమాట, ఒకటి తెల్లనిది, ఒకటి రంగుది. ఆ రెండూ ఒకే చోట పడవు. వెంట్రుక పైన సన్నని పొలుసులు పెంకుటింటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి, కొన వైపుకు సుమారు 3 డిగ్రీలు వాలి ఉంటాయి. ఆ చిన్న వాలు వల్లే మెరుపులు పక్కకు జరుగుతాయి. ఇంత చిన్న కోణాన్ని ఎవరు గమనిస్తారని అనుకోకండి. అది లేని జుట్టును చూస్తే కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని కన్ను పట్టేస్తుంది.

జంతువుల సంగతి మరికొంచెం వేరు. వెంట్రుక నడుమ మెడుల్లా అనే భాగం ఉంటుంది. మనుషుల్లో ఇది సన్నం, చాలా జంతువుల్లో లావు. లోపలికి వచ్చిన వెలుతురును అది అన్ని వైపులకూ చెదరగొడుతుంది, అందుకే బొచ్చుకు ఆ మెత్తదనం. 2015లో లింగ్ చీ యాన్, రవి రామమూర్తి తదితరులు ఈ మెడుల్లాను లెక్కలోకి తెచ్చారు. అప్పటిదాకా మనిషి జుట్టు సూత్రాన్నే జంతువులకూ సర్దుబాటు చేసుకునేవాళ్లం. ధ్రువపు ఎలుగుబంటి వెంట్రుకల్లో తెల్ల రంగంటూ ఏదీ లేదు, దాని చర్మమైతే నల్లన. చెదిరిన వెలుతురే మన కంటికి తెలుపుగా అందుతోంది.

ఇప్పటిదాకా చెప్పింది ఒక్క వెంట్రుక గురించి. అసలు చిక్కు లక్షల వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి నీడ వేసుకున్నప్పుడు మొదలవుతుంది. నన్నడిగితే, బొచ్చును బొచ్చులా చూపించే పని మెరుపు కన్నా నీడే ఎక్కువ చేస్తుంది. కొత్తవాళ్లంతా మెరుపు వెంట పడతారు.

1978లో లాన్స్ విలియమ్స్ నీడలకు ఒక చక్కని ఉపాయం కనిపెట్టాడు. కెమెరాను లైటు ఉన్నచోట పెట్టినట్టు ఊహించి, అక్కడి నుంచి ప్రతి పిక్సెల్‌లో మొదట తగిలే వస్తువు ఎంత దూరంలో ఉందో రాసిపెట్టుకోవాలి. అంతకన్నా వెనక ఉన్నదంతా నీడే. దీన్నే షాడో మ్యాప్ అంటారు. కుర్చీకి, బల్లకు ఇది చాలు. కానీ వెంట్రుక పిక్సెల్ కన్నా ఎంతో సన్నం, ఒక్క పిక్సెల్‌లో పదుల కొద్దీ ఇమిడిపోతాయి. వాటిలో ఏదో ఒకదాని దూరం రాసుకుని వెనకదంతా చీకటి అంటే ఎలా? జంతువు కదలగానే ఆ అంకె మారిపోతుంది, నీడ మిణుకుమిణుకుమంటుంది. యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్‌ స్టూడియోకు చెందిన టామ్ లోకోవిక్, ఎరిక్ వీచ్ 2000లో దీనికి విరుగుడు ప్రచురించారు. ప్రతి పిక్సెల్‌లో ఒక్క దూరానికి బదులు, లోతుకు పోయేకొద్దీ వెలుతురు ఎంతెంత తగ్గుతోందో మొత్తం రాసిపెట్టారు. పై పొరలో దాదాపు పూర్తి వెలుతురు, కాస్త లోపల సగం, చర్మం దగ్గర చీకటి. మరుసటి ఏడాది వచ్చిన ‘మాన్‌స్టర్స్ ఇన్‌కార్పొరేటెడ్’ సినిమాలో నీలి భూతం సలీ ఒంటి మీది 23 లక్షలకు పైగా వెంట్రుకలు నమ్మేలా కనిపించాయంటే అందులో ఈ నీడల పాత్ర ఉంది.

వీడియో గేముల్లో అంత తీరిక ఉండదు. చాలాసార్లు చర్మం పైన పలచటి పొరలు పేర్చి, అడుగు పొరలను నల్లబరిచి నెట్టుకొస్తారు. అది కూడా నీడే, దొంగ నీడ. ఫరవాలేదు, ఆడేటప్పుడు ఎవరూ దగ్గరికెళ్లి చూడరు.

ఇక మీ తెల్ల కుక్క. ముదురు రంగు బొచ్చులో లోపలికి పోయిన వెలుతురు త్వరగా ఇంకిపోతుంది, కాబట్టి నీడ నిజంగానే చీకటి. తెల్ల బొచ్చులో అలా కాదు. వెలుతురు ఒక వెంట్రుకలోంచి మరో దానిలోకి ఎన్నోసార్లు దూరి, చెదిరి, చివరికి బయటికొస్తుంది. తెల్ల జంతువు నీడలో కూడా వెలుగు దాగి ఉంటుంది. బ్లెండర్‌లో వెలుతురు లెక్క కట్టి బొమ్మను గీసే సైకిల్స్ ఆ ప్రయాణాన్ని కొన్ని బౌన్సుల (వెలుతురు తగిలి దారి మళ్లడాల) తర్వాత ఆపేస్తుంది. మొత్తం బౌన్సుల పరిమితి మామూలుగా 12 ఉంటుంది. రెండర్, అంటే కంప్యూటర్ బొమ్మ గీసే పని, త్వరగా తేలాలని అద్వైత్ దాన్ని 2కు దించి ఉంటాడని నా అనుమానం. మిగిలిన వెలుతురంతా లెక్కలోంచి పోయింది, కుక్క మాసిపోయింది. 12కు తీసుకురండి, తర్వాత 30 పెట్టి రెండు బొమ్మలూ పక్కపక్కన చూడండి. లోపలికి దూరి పోయే బౌన్సులను లెక్కించే ట్రాన్స్‌మిషన్ గడిలోని అంకెను కూడా పెంచాలి, లేకపోతే అది ముందే అడ్డుపడుతుంది. వెలుతురు తగిలితే వెంట్రుక ఎలా కనిపించాలో లెక్కగట్టే షేడర్‌గా ప్రిన్సిపుల్డ్ హెయిర్ వాడండి. అందులో వెంట్రుకకు నలుపు తెచ్చే మెలనిన్‌ను సున్నా దగ్గర ఉంచితే చాలు, తెల్ల రంగు పూయనక్కర్లేదు.

నిజం జంతువును పక్కన పెట్టుకుని పోల్చడం కన్నా మంచి గురువు లేదు. 2012 నాటి ‘లైఫ్ ఆఫ్ పై’లో కొన్ని షాట్లలో నిజం పులి ఉంది, ఎక్కువ షాట్లలో కంప్యూటర్ పులి. రెండూ కలిసిపోవాలి గనుక తప్పించుకునే దారి లేదు. ఆ పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది, మనవాళ్ల చేతులూ ఆ సినిమాలో పడ్డాయి. 2013 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఈ వృత్తి ఎలాంటిదో మీ అమ్మ అడిగితే ఈ ఒక్క సంగతీ చెప్పకండి.

తెల్లది కుదిరాక అదే కుక్కపిల్లకు మెలనిన్ 1 పెట్టండి. లోపలికి పోయే రెండు దారులూ మూసుకుపోయి, పైనుంచి వెనుదిరిగే తెల్ల మెరుపొక్కటే మిగులుతుంది. ఎదురుగా ఉన్న లైటుతో ఆకారం తెలియదు. వెనక పక్కనుంచి, కాస్త ఎత్తులో ఒక్క లైటు పెట్టి తిప్పుతూ, వీపు మీది బొచ్చు దువ్విన దిశ ఎక్కడ కనిపిస్తుందో చూడండి. రెండు ఫైళ్లూ కలిపి పంపండి, బౌన్సుల సంఖ్య రాయడం మరవకండి.

ప్రేమతో,
మీ తాతయ్య