సీసాలో మిగిలిన నీళ్ళు

పెద్దోడికి, బుజ్జికి, చిన్నోడికి తాతయ్య దీవెనలు.

మీ నాన్నకు ఎడారి ఊరికి బదిలీ అయిందనీ, నడి వేసవిలోనే వెళ్ళాల్సి వస్తోందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఒంటె ఎక్కుతాం, ఇసుక దిబ్బల మీంచి జారతాం" అని వెనక నుంచి మీ కేకలూ వినబడ్డాయి. ఎక్కండి, జారండి. కాకపోతే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఎడారిలో సర్వే పని చేసినవాణ్ణి. మీరు పెట్టెలు సర్దుకునేలోపే కొన్ని సంగతులు చెప్పాలనిపించింది. ఫోన్లో చెబితే చిన్నోడు మధ్యలోనే పారిపోతాడు, అందుకని ఉత్తరం.

ముందుగా నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను.

అప్పటికి ఎడారికి వచ్చి నాలుగు రోజులు. కొలతబద్ద పట్టుకుని నిలబడటం నా పని. పొద్దున్నే రెండు లీటర్ల నీళ్ళ సీసా ఇచ్చారు. సాయంత్రం దాకా ఇదే సరిపెట్టుకోవాలని నాకు నేనే లెక్కవేసుకున్నాను. నోరు ఎండినప్పుడల్లా ఒక గుక్క, అంతే. చొక్కా పొడిగా ఉంది, చెమటే పట్టడం లేదు, ఇంకేం భయం అనుకున్నా. మధ్యాహ్నానికి తలనొప్పి మొదలైంది. ఇంకాసేపటికి ఆ మండుటెండలో చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, చలేసినట్టు. బద్ద మీది అంకె చదవమంటే ఒకే అంకెను మూడుసార్లు మూడు రకాలుగా చదివానట. పైగా నాకేం కాలేదని అందరితో పోట్లాట. జీపు డ్రైవరు పెద్దాయన నన్ను రెక్కపట్టి లాక్కెళ్ళి, జీపు నీడలో పడుకోబెట్టి, చొక్కా విప్పి, ఒళ్ళంతా నీళ్ళు చల్లి అట్టముక్కతో విసిరాడు. గంట తర్వాత లేచి కూర్చున్నాను. ఆయన నా సీసా చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గుడగుడమంది. సగానికి పైగా నీళ్ళు అందులోనే ఉన్నాయి.

"ఇవి ఎవరి కోసం దాచావు బాబూ?" అన్నాడు.

పక్కన పడేసిన చొక్కా చూస్తే వీపు భాగమంతా తెల్లటి గీతలు, అట్లాసులో సముద్ర తీరాల్లాగా. అదంతా ఉప్పు. చెమటే పట్టలేదనుకున్న చొక్కా అది.

ఎడారి చేసే మోసం ఇదే. గాలిలో తేమ ఎక్కువున్న చోట చెమట కారుతుంది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది, చిరాకేసి మనమే నీళ్ళకోసం వెతుక్కుంటాం. ఎడారి గాలి పొడిగా ఉంటుంది. చర్మం మీదికి వచ్చిన చెమటను వచ్చినట్టే తాగేస్తుంది. ఒళ్ళు పొడిగా కనిపిస్తుంటే లోపలి నీళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి. మండే ఎండలో నడిచే పెద్దవాళ్ళకు గంటకు ఒక లీటరు దాకా పోతుంది.

ఆ చెమటను తిట్టుకోకండి. మన ఒళ్ళు దాదాపు 37 డిగ్రీల దగ్గర ఉండాలి. బయటి గాలి అంతకంటే చల్లగా ఉంటే ఒంటి వేడి గాలిలోకి పోతుంది. గాలి 45 డిగ్రీలుంటే ఎటు పోతుంది? పోదు సరికదా, గాలి వేడే మన ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే అది పట్టుకుపోయే వేడితో ఏడు లీటర్ల మామూలు నీళ్ళను మరిగించవచ్చు. ఇంత గొప్ప యంత్రం మనలోనే ఉంది. దానికి కావలసిందల్లా నీళ్ళు, కొంచెం ఉప్పు.

నా లెక్క ఎంత తప్పో చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. 1940లలో ఎడ్వర్డ్ అడాల్ఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన బృందం కాలిఫోర్నియా ఎడారిలో సైనికుల మీద పరీక్షలు చేశారు. నీళ్ళు తక్కువ తాగితే చెమట తగ్గి ఒంట్లో నీళ్ళు మిగులుతాయని అప్పట్లో చాలామంది నమ్మకం. అలా ఏమీ జరగదని తేలింది. తాగినా తాగకపోయినా చెమట పోతూనే ఉంటుంది, తాగనివాడు త్వరగా పడిపోతాడు. ఇంకో సంగతి కూడా బయటపడింది. పక్కనే కావలసినన్ని నీళ్ళున్నా, దాహాన్ని బట్టి తాగితే మనిషి పోయినదానికంటే తక్కువే తాగుతాడు. దాహం ఆలస్యంగా వచ్చే చుట్టం. అది వచ్చేదాకా ఆగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

అందుకని నీళ్ళు పొదుపు చేయొద్దు, చెమట పొదుపు చేయండి. అంటే నీడలో ఉండండి, మధ్యాహ్నం పరుగులు పెట్టకండి, ఒళ్ళు కప్పుకోండి. ఎండలో తిరగక తప్పనప్పుడు పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక చిన్న గ్లాసు తాగాలి. అలాగని పెద్దోడు పందెం వేసి ఒకేసారి రెండు మూడు లీటర్లు తాగేయకూడదు. వట్టి నీళ్ళే మరీ ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అది కూడా ప్రమాదమే. గంటకు ఒకటిన్నర లీటర్లు పెద్దవాళ్ళకే హద్దు. వేళకు తిండి తింటుంటే ఉప్పు దానితో అందుతుంది. బాగా చెమట పోయినరోజు ఓఆర్ఎస్ కలుపుకోండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూను అంచుకు సరిగ్గా కొలిచి. కొలత తప్పకూడదు, ఉప్పు అసలు ఎక్కువ కాకూడదు. తాగుతున్నది సరిపోతోందా లేదా అన్నది బాత్రూంలోనే తెలుస్తుంది. మూత్రం లేత పసుపులో ఉంటే సరే, చిక్కబడి ముదురు రంగుకు వస్తే ఇంకా తాగాలి. బుజ్జీ, ముక్కు మూసుకోకు, డాక్టర్లు కూడా అదే అడుగుతారు.

బడిలో బాత్రూంకు వెళ్ళడానికి మొహమాటం, బయట బాత్రూం వెతుక్కోవడానికి మొహమాటం, అందుకని నీళ్ళు మానేసే ఆడపిల్లల్ని చూశాను. బుజ్జీ, ఇది నీకు ప్రత్యేకంగా రాస్తున్నాను. అలా చేయొద్దు.

వార్తల్లో చెప్పే ఎండ గురించి ఒకటి తెలుసుకోండి. మన దేశంలో రాజస్థాన్‌లోని ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. అమెరికాలోని డెత్ వ్యాలీలో 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైనట్టు రికార్డు, దాన్ని నమ్మని వాతావరణ నిపుణులూ ఉన్నారు. ఏదైనా ఈ అంకెలన్నీ నీడలో కొలిచినవి, నేలకు మనిషంత ఎత్తులో, గాలాడే పెట్టెలో పెట్టిన థర్మామీటరువి. ఎండలో నిలబడ్డ మీకు తగిలేది అంతకంటే ఎక్కువ. నేల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఇరాన్‌లోని లూత్ ఎడారి నేల 2005లో 70.7 డిగ్రీలకు చేరిందని ఉపగ్రహం కొలిచింది. ముగ్గురిలోనూ నేలకు దగ్గరగా ఉండేది చిన్నోడు. వాడికి తగిలే గాలే ఎక్కువ వేడి, పైగా పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ ఒంటికంటే త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి పెద్దోడికి బాగానే ఉందంటే చిన్నోడికీ బాగానే ఉందని కాదు. చెప్పుల్లేకుండా దిగనివ్వకండి. ఆటస్థలంలో ఇనుప జారుడుబల్ల ఉంటే ముందు అరచేతి వెనక భాగంతో తాకి చూడండి. అయిదు లెక్కపెట్టేదాకా చెయ్యి ఉంచలేకపోతే అది ఎక్కేది కాదు.

బట్టల దగ్గర అందరూ పొరబడతారు. ఎండ కదా అని నిక్కరు, చేతుల్లేని బనీను వేసుకుంటారు. 45 డిగ్రీల గాలి చర్మానికి తగలడం అంటే పొయ్యి ముందు కూర్చోవడమే. ఎడారిలో పుట్టి పెరిగినవాళ్ళు మెడ నుంచి మడమ దాకా వదులుగా కప్పుకునేది ఊరికే కాదు. బెదూయిన్లని ఎడారుల్లో తిరిగే అరబ్బు సంచార జాతి వాళ్ళున్నారు, వాళ్ళలో కొందరు ఏకంగా నల్లటి అంగీలే వేస్తారు. నలుపు ఎండను లాగేస్తుంది కదా, ఇదెలా అని 1980లో శాస్త్రవేత్తలు ఎండలో మనిషిని నిలబెట్టి కొలిచారు. నల్ల అంగీ వేడెక్కిన మాట నిజమే. కానీ అంగీ వదులుగా ఉండటంతో ఆ వేడి చర్మాన్ని చేరేలోపే లోపల ఆడే గాలితో పోయింది. తెల్ల అంగీలోనూ నల్ల అంగీలోనూ ఒంటికి చేరిన వేడి ఒక్కటే. అంటే రంగు కంటే వదులు ముఖ్యం. బిగుతు జీన్సులు పెట్టెలో అడుగునే ఉంచండి.

ఒంటె మూపురంలో నీళ్ళుంటాయని చిన్నోడు అన్నాడు. లేవురా, అది కొవ్వు. నీళ్ళు దొరకనప్పుడు ఒంటె చేసే చమత్కారం వేరు. తెల్లవారేసరికి దాని ఒళ్ళు 34 డిగ్రీల దాకా చల్లబడుతుంది, పగలు 40 దాటినా చెమట పట్టనివ్వకుండా ఓర్చుకుంటుంది. రాత్రి చల్లగాలికి ఆ వేడి వదిలేస్తుంది. అదే 40 డిగ్రీలు మనకొస్తే వడదెబ్బ. మనం నేర్చుకోవలసింది చిన్న జంతువుల దగ్గర. చాటంత చెవులున్న ఫెనెక్ నక్క పగలంతా బొరియలో పడుకుని చీకటి పడ్డాకే బయటికొస్తుంది. మీరు కూడా ఆటలన్నీ తెల్లవారుజామున, పొద్దుగూకాక పెట్టుకోండి. పదింటి నుంచి నాలుగింటి దాకా ఇంట్లోనే. మొదటి రెండు వారాలైతే మరీ జాగ్రత్త. ఒళ్ళు ఎండకు అలవాటు పడటానికి అన్ని రోజులు పడుతుంది. అలవాటయ్యాక చెమట ముందుగానే పడుతుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది. నేను పడిపోయింది నాలుగో రోజు కదా, అది కాకతాళీయం కాదు.

కరెంటు పోయినా, ఏసీ లేకపోయినా గాభరా పడకండి. బాగా వేడెక్కిన గదిలో వట్టి ఫ్యాను వేడిగాలినే ఒంటి మీదికి తోస్తుంది. ఒళ్ళు తడిపి, తడిగుడ్డ కప్పుకుని ఫ్యాను కిందో, విసనకర్రతోనో కూర్చుంటే పొడి గాలి పుణ్యమా అని చల్లబడతారు. ఆ డ్రైవరు నాకు చేసింది అదే.

ఇప్పుడు పెద్దోడు శ్రద్ధగా చదవాలి. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, పిక్కలు పట్టేయడం, ఇవి ఒళ్ళు ఇచ్చే మొదటి కబుర్లు. వెంటనే ఆట ఆపి నీడకు వెళ్ళి, ఒళ్ళు తడుపుకుని, కొద్దికొద్దిగా తాగాలి, పెద్దవాళ్ళకు చెప్పాలి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, కోపంగా పోట్లాడుతున్నా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అనుకోవద్దు, చెమట ఉన్నా రావచ్చు. అంబులెన్సుకు ఫోన్ చేయించండి. అది వచ్చేలోపు ఊరికే నిలబడకుండా బట్టలు వదులు చేసి, దొరికిన నీళ్ళన్నీ ఒంటిమీద పోసి గట్టిగా విసరండి. చల్లటి నీళ్ళ తొట్టి ఉంటే పెద్దవాళ్ళు తల పైకి పట్టుకుని మెడదాకా ముంచవచ్చు. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు. నేను ఆ రోజు జీపు నీడలోనే కోలుకోవడం నా అదృష్టం, అసలైతే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన కేసు.

కారులో దాగుడుమూతలు వద్దు. ఎండలో ఆపిన కారులో అద్దం కాస్త దించి ఉంచినా అరగంటలోనే వేడి ప్రాణం తీసేంతకు చేరుతుంది. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని ఎవరైనా మిమ్మల్ని కారులో ఉంచి వెళ్తుంటే, మీ నాన్నైనా సరే, మేమూ వస్తామని దిగేయండి. మర్యాద తక్కువేం కాదు.

దిబ్బలు చూడటానికి వెళ్ళేటప్పుడు ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్ళమని మీ నాన్నకు గుర్తుచేయండి. బండి చెడిపోతే దాన్ని వదిలి నడవకూడదు. ఆకాశంలోంచి వెతికేవాళ్ళకు మనిషి కనపడడు, బండి కనపడుతుంది. బండి లోపల కాకుండా దాని నీడలో, కాలే ఇసుక మీద కాకుండా సీటో పరుపో వేసుకుని కూర్చోవాలి. దూరంగా మెరిసే నీళ్ళ కోసం బయల్దేరకండి, అది వేడి గాలిలో వంగిన ఆకాశపు వెలుగు. ఎండిన వాగులో మాత్రం బండి ఆపొద్దు. ఎక్కడో కొండల్లో పడిన వాన అక్కడికి గోడలా వచ్చిపడుతుంది. ఎడారిలో వరదకు కొట్టుకుపోయినవాళ్ళు ఉన్నారంటే మీరు నమ్మరు.

చేరాక నాకోసం ఒక ప్రయోగం చేయండి. సాయంత్రం నీడలో కూర్చుని ఒక చెయ్యి పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మణికట్టు దగ్గర వదులుగా కట్టండి. చేతికి మాత్రమే, ముఖం దగ్గరికి తేవద్దు. రెండో చెయ్యి ఊరికే వదిలేయండి. పది నిమిషాల తర్వాత రెండూ చూడండి. బయటి చెయ్యి పొడిగా ఉంటుంది. సంచి లోపల ఏం కనబడిందో, ఎన్ని చుక్కలు జారాయో బుజ్జి లెక్కపెట్టి రాయాలి. చిన్నోడు బొమ్మ వేసి పంపాలి.

ఇట్లు
మీ తాతయ్య