పరుగులో వాచీ అంకెను ఎంతవరకు నమ్మాలి?

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడుతుందన్న మాట వినిపిస్తే చాలు, నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో తెల్లారకముందే ఉరుకుడు మొదలవుతుంది. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ఇప్పుడు చాలామంది చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటోంది. రోజూ ప్రాణం పెట్టి ఉరికి, ఆఖర్న వాచీలో గుండె వేగం (నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందన్న అంకె) 185 కనిపిస్తే ప్రాక్టీస్ బాగా అయిందనుకుంటున్నారు. ఆ అంకెతో అసలు లాభం వేరు: మెల్లగా ఉరకాల్సిన రోజు మెల్లగానే ఉరికేలా అది కళ్లెం వేస్తుంది.

అయితే అంకె సరైనదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. వాచీ అడుగున ఉండే పచ్చలైటు చర్మంలోకి వెలుగు పంపుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడ రక్తం పెరిగి, తిరిగొచ్చే వెలుగు కొంచెం తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులనే వాచీ లెక్కపెడుతుంది. చిక్కేమిటంటే, ఉరికేటప్పుడు చేయి ఊగినా వెలుగు మారుతుంది. నిమిషానికి 160 నుంచి 180 అడుగులు పడతాయి కదా, వాచీ ఒక్కోసారి ఆ అడుగులనే గుండె కొట్టుకోవడం అనుకుంటుంది. మొదలుపెట్టిన నిమిషంలోనే, ఆయాసం లేకుండానే 172 చూపించి అక్కడే అతుక్కుపోయిందంటే అనుమానించాల్సిందే. వెంటనే ఆగి, మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. వాచీ అంకెకూ దీనికీ 10కి మించి తేడా ఉంటే ఆ రోజు లెక్కను పక్కన పెట్టేయండి.

పట్టీని మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన, జారకుండా బిగించాలి. ఉరికేముందు వాచీలో రన్నింగ్ మోడ్ తప్పకుండా ఆన్ చేయాలి. మామూలు మోడ్‌లో చాలా వాచీలు కొన్ని నిమిషాలకోసారి మాత్రమే కొలుస్తాయి. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి దాన్ని ఎక్కువ నమ్మొచ్చు. దాని ప్యాడ్లను కట్టుకునే ముందు నీళ్లతో తడపాలి. పొడిగా కడితే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి.

ఇక గుండె గరిష్ఠ వేగం, అంటే నిమిషానికి అది అత్యధికంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదన్నది. అందరూ చెప్పే ‘220లోంచి వయసు తీసేయడం’ సగటు మనిషి లెక్క. 24 ఏళ్లవాడికి అది 196 అంటుంది. 2001లో వచ్చిన టనాకా సూత్రం (208లోంచి వయసులో 0.7 వంతు తీసేయాలి) 191 అంటుంది. మనిషిని బట్టి అసలు అంకె దీనికి పది అటూఇటూ ఉండటం మామూలే. సరిగ్గా తెలియాలంటే 15 నిమిషాలు వార్మప్ చేసి, ఏటవాలు రోడ్డు మీద మూడుసార్లు, ఒక్కోసారి రెండున్నర నిమిషాలు గట్టిగా ఎక్కాలి. మూడోసారి శక్తంతా పెట్టాలి. అప్పుడు కనిపించే పెద్ద అంకె మీ గరిష్ఠం. నలభై దాటినవాళ్లు, ఛాతీలో నొప్పి వచ్చేవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లున్నవారు డాక్టర్‌ను అడక్కుండా దీని జోలికి పోవద్దు.

పొద్దున లేవగానే, చాయ్ తాగకముందు, మంచం మీదే నాడి చూసుకోవాలి. అది 62, గరిష్ఠం 192 అనుకుందాం. తేడా 130. అందులో 60 శాతం 78, 70 శాతం 91. వీటికి 62 కలిపితే 140, 153. మెల్లగా ఉరికే రోజుల్లో ఈ రెండింటి మధ్యే ఉండాలి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మొదట్లో నడక కలపక తప్పదు, నామోషీ పడొద్దు. వారంలో ఐదు రోజులు ఉరికితే మూడు, నాలుగు రోజులు ఇలాగే పోవాలి.

ఎండాకాలం ఈ లెక్కను తారుమారు చేస్తుంది. నల్లగొండ, పాలమూరు మే నెలలో తెల్లవారుజామున కూడా గాలి వేడిగానే ఉంటుంది. చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్లుతుంది, చెమటతో రక్తంలోని నీరూ తగ్గుతుంది. ఒక్కో కొట్టుకు పంపే రక్తం తగ్గేసరికి గుండె మరిన్నిసార్లు కొట్టుకుంటుంది. అదే వేగంతో ఉరుకుతున్నా ముప్పై నిమిషాలు దాటాక అంకె 10, 15 పెరగొచ్చు. అప్పుడు వేగం తగ్గించుకుని 153 లోపు ఉండటమే సరైనది. ఫిట్‌నెస్ పోయిందని బెంగపడక్కర్లేదు.

ముందుకు పోతున్నామో లేదో తెలియాలంటే పానగల్ ఉదయసముద్రం కట్టలాంటి ఎత్తుపల్లాలు లేని దారి ఒకటి ఎంచుకుని, నెలకోసారి ఒకే వేళకు, 145 దగ్గర 40 నిమిషాలు ఉరికి దూరం రాసుకోండి. దూరం పెరుగుతుంటే దారి సరైనదే. కట్ట మీద ఎదురుగాలి ఉన్న రోజును లెక్కలోకి తీసుకోవద్దు. పొద్దుటి నాడి మామూలుకంటే ఏడెనిమిది ఎక్కువగా రెండు రోజులు వరుసగా ఉంటే నిద్రలేమో, అలసటో, జ్వరం రాబోతోందో. ఆ వారం గట్టి ప్రాక్టీస్ మానేయాలి.

400 మీటర్ల రిపీట్లలో (మధ్యలో ఆగుతూ అదే దూరాన్ని మళ్లీమళ్లీ వేగంగా ఉరకడంలో) మాత్రం అంకెను పట్టుకుని వేలాడొద్దు. గుండె వేగం పైకి రావడానికి నిమిషానికి పైగా పడుతుంది, అప్పటికి సగం దాటిపోయి ఉంటారు. మగవాళ్లయితే 1 నిమిషం 45 సెకన్ల లెక్కన ఆరు రిపీట్లు వేయండి. మధ్యలో గుండె వేగం 120కి దిగేదాకా నడవండి, వాచీ అక్కడ పనికొస్తుంది. ఈవెంట్స్ (పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలు) రోజున లైన్ మీద నిలబడగానే కంగారుకే గుండె దడదడలాడుతుంది. ఆ రోజు చూసుకోవాల్సింది ల్యాప్ టైమే: 1600 మీటర్లు ఉరికే మగవాళ్లకైతే 400 మీటర్లకు 1 నిమిషం 48 సెకన్లు.