పిల్లల సంక్షేమ కేసు ఏ రాష్ట్ర కోర్టుది? అమెరికాలోని తెలుగు కుటుంబాల అపోహలు, వాస్తవాలు

నేను టెక్సస్‌లో కుటుంబ కేసులు వాదించే న్యాయవాదిని. వేరే రాష్ట్రంలో కాపురముంటూ, ఇక్కడికి వచ్చిన నాలుగు రోజుల్లోనే సీపీఎస్ (ముప్పు ఉందనిపిస్తే బిడ్డను తమ రక్షణలోకి తీసుకునే ప్రభుత్వ విభాగం) కేసులో చిక్కుకున్న తెలుగు తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్ళలో చాలామంది అడిగేది ఒకటే: “బిడ్డను ఇక్కడే తీసుకున్నారు కదండీ, ఇక కేసంతా ఇక్కడిదే కదా?” మిగిలిన అపోహలన్నీ కలిసినా ఈ ఒక్కటి చేసినంత నష్టం చేయవు కాబట్టి ముందుగా దీని సంగతే చెబుతాను.

అపోహ: బిడ్డను ఏ రాష్ట్రంలో తీసుకుంటే పూర్తి అధికారం ఆ రాష్ట్ర కోర్టుదే.

వాస్తవం: కాదు. 1997లో రూపొంది, దాదాపు అన్ని రాష్ట్రాలూ తమ చట్టంగా చేసుకున్న యూసీసీజేఈఏ (పిల్లల కస్టడీ కేసు ఏ రాష్ట్రానిదో తేల్చే ఉమ్మడి చట్టం) ప్రకారం మొదటి హక్కు హోం స్టేట్‌ది, అంటే కేసు దాఖలైన తేదీకి ముందు కనీసం ఆరు నెలలు వరసగా బిడ్డ తల్లితోనో, తండ్రితోనో, ఆ స్థానంలో ఉన్నవారితోనో నివసించిన రాష్ట్రానిది. ఆరు నెలలు నిండని పసిబిడ్డకైతే పుట్టినప్పటి నుంచి ఉన్న రాష్ట్రమే హోం స్టేట్. మధ్యలో చుట్టాల ఇంటికి వెళ్ళిన వారం పది రోజులు తాత్కాలిక గైర్హాజరే తప్ప ఆ లెక్కను తెంచవు. విడాకుల కస్టడీ తగాదాలకే కాక, బిడ్డపై హింస, నిర్లక్ష్యం ఆరోపిస్తూ ప్రభుత్వం వేసే కేసులకూ ఇదే చట్టం వర్తిస్తుంది.

అయితే బిడ్డ తన సరిహద్దుల్లో ఉండి, బిడ్డకో, తోబుట్టువుకో, తల్లిదండ్రుల్లో ఒకరికో హింస ముప్పు ఉందనిపిస్తే ఏ రాష్ట్ర కోర్టయినా తాత్కాలిక అత్యవసర ఉత్తర్వు ఇవ్వవచ్చు. పక్కింట్లో మంటలు లేస్తే ఎవరైనా నీళ్ళు పోయవచ్చు, అంతమాత్రాన ఇల్లు వాళ్ళదైపోదు. కానీ అంతకుముందు ఎక్కడా కస్టడీ ఉత్తర్వు లేక, హోం స్టేట్‌లో ఎవరూ కేసు వేయకపోతే ఆ తాత్కాలిక ఉత్తర్వు అలాగే సాగుతుంది. ఉత్తర్వులోనే ఆ మాట రాసి ఉండి, ఈలోగా ఆ రాష్ట్రమే బిడ్డకు హోం స్టేట్‌గా మారితే అదే తుది ఉత్తర్వు కూడా కావచ్చు. కాబట్టి ఊరుకుంటే మీ ఊరి కోర్టు చేజారుతుంది.

న్యూజెర్సీలో ఉండే ఒక జంట (గుర్తుపట్టే వివరాలు మార్చాను) డాలస్ దగ్గర బంధువుల గృహప్రవేశానికి వచ్చారు. పది నెలల పాప ఏడుపు ఆపకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో భుజం దగ్గర ఎముక విరిగినట్టు కనబడటంతో ఆసుపత్రివారు సీపీఎస్‌కు తెలియజేశారు. న్యూజెర్సీలో కస్టడీ పిటిషన్ వేయమంటే, “అక్కడ కూడా కోర్టుకెక్కి ఇంకో కేసు తెచ్చుకోవాలా?” అని ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. ఆమె భయం నాకు అర్థమైంది, అక్కడ కేసు వేయొద్దని ఆమెకు సలహా ఇచ్చిన పెద్దమనుషుల ధైర్యమే అర్థం కాలేదు.

బిడ్డను తీసుకున్న 14 రోజుల్లోగా టెక్సస్‌లో జరగాల్సిన విచారణకు ముందే రెండు చోట్లా కాగితాలు దాఖలు చేశాం. బిడ్డ గత ఐదేళ్ళలో ఎక్కడెక్కడ, ఎవరితో ఉందో ప్రమాణపత్రంలో రాయాలి; పది నెలల పాపకు అది ఒక్క వరుసలో తేలిపోయింది. దానికి తోడుగా అద్దె ఒప్పందం, టీకాల పట్టిక, డేకేర్ హాజరు జతచేశాం. రెండు రాష్ట్రాల జడ్జీలు స్పీకర్‌ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే కోర్టు రిపోర్టర్ ప్రతి మాటా ఎక్కిస్తూనే ఉంది. జడ్జీలు ఇలా మాట్లాడుకోవడం లోపాయికారీ వ్యవహారం కాదు: తేదీల సర్దుబాటు వంటి చిన్న విషయాలు తప్ప సంభాషణ రికార్డు కావాలి, పరిధిపై, అంటే కేసు వినే అధికారం ఏ కోర్టుదన్న దానిపై, నిర్ణయానికి ముందు మీ వాదన చెప్పుకునే అవకాశమూ ఇవ్వాలి. చివరకు న్యూజెర్సీ కోర్టు కేసును స్వీకరించింది. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని మాత్రం అనుకోవద్దు; వైద్యులు, సాక్షులు అందరూ టెక్సస్‌లోనే ఉన్నారన్న కారణంతో హోం స్టేట్ తానే పక్కకు తప్పుకోవచ్చు.

అపోహ: రాష్ట్రం దాటిపోతే కేసు పోతుంది.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఈ సలహా ఎవరు మొదలుపెట్టారో గానీ, పాటించినవాళ్ళు మాత్రం బిడ్డకు మరింత దూరమయ్యారు. సక్రమంగా తుది కస్టడీ ఉత్తర్వు ఇచ్చిన రాష్ట్రం, తల్లిదండ్రుల్లో ఒక్కరు అక్కడే ఉన్నా సాధారణంగా పట్టు వదలదు. తల్లిదండ్రులే బిడ్డను రాష్ట్రం దాటించడాన్ని అరికట్టే 1980 నాటి ఫెడరల్ చట్టం పీకేపీఏ వల్ల మిగతా రాష్ట్రాలు ఆ ఉత్తర్వును గౌరవించి తీరాలి.

ఇద్దరం ఒప్పుకుంటే ఏ కోర్టయినా సరిపోతుందన్నదీ పొరపాటే, ఎందుకంటే ఈ పరిధి ఒప్పందంతో రాదు. కాలిఫోర్నియాలోని బాబాయి ఇంట్లో బిడ్డను ఉంచడానికి ఐసీపీసీ (బిడ్డను వేరే రాష్ట్రంలో ఉంచడంపై రాష్ట్రాల మధ్య ఒప్పందం) అనుమతి వస్తే కేసు కూడా అక్కడికి పోతుందనుకోవద్దు. పంపిన రాష్ట్ర కోర్టు అధికారం అలాగే ఉంటుంది. బిడ్డ పుట్టిన ఊరికీ, మీ వీసాకూ ఈ లెక్కతో సంబంధం లేదు.

ఇక గుంటూరులో అమ్మమ్మ దగ్గర ఎనిమిది నెలలు ఉంచి తీసుకొచ్చిన పిల్లల సంగతి నిజంగానే చిక్కు. ఈ చట్టం విదేశాన్ని కూడా ఒక రాష్ట్రంగానే లెక్కిస్తుంది కాబట్టి ఆ ఎనిమిది నెలలు తాత్కాలిక గైర్హాజరా, లేక ఇండియాయే హోం స్టేట్ అయిందా అన్న వాదన తప్పదు. అప్పుడు పంపేటప్పుడే తీసుకున్న రిటర్న్ టికెట్, ఇక్కడి పిల్లల డాక్టరు దగ్గర ముందే పెట్టుకున్న అపాయింట్‌మెంట్, అక్కడి బడిలో చేర్చారా లేదా అన్న వివరం వంటివాటిని కోర్టు చూస్తుంది.