నీస్ తీరంలో చలికాలపు వానలు: మనుమలకు ఉత్తరం

చిరంజీవులైన మనుమడికీ, మనుమరాలికీ తాతయ్య, అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది. మేమిద్దరం క్షేమంగా ఇల్లు చేరాము.

మేము పంపిన ఫోటోలలో ఎటు చూసినా గొడుగులే కనిపించాయని, మధ్యధరా సముద్రతీరమంటే ఎండకు పేరుపడ్డ చోటు కదా, అంత దూరం వెళ్ళి వానలో తడిసి వచ్చారేమిటని మీరు ఫోనులో అడిగారు. సెలవంతా పాడైపోయిందని మా మీద జాలి కూడా పడ్డారు. ఆ జాలి అక్కరలేదు. ఆ తీరంలో వాన పడవలసిన కాలం చలికాలమే, దాన్ని చూడకుండా వచ్చి ఉంటే ఆ ప్రాంతం మాకు సగమే అర్థమయ్యేది. ఎందుకో చెప్పాలంటే ఫోనులో కుదరదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. పక్కన అట్లాసు తెరిచి పెట్టుకుని చదవండి.

ఫ్రాన్సు దేశానికి ఆగ్నేయపు మూలన, ఇటలీ సరిహద్దుకు దగ్గరగా నీస్ అనే ఊరు కనిపిస్తుంది. ముందు సముద్రం, వెనుక ఆల్ప్స్ పర్వతాలు. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే నీస్ దాదాపు 44 డిగ్రీల దగ్గర ఉంది. అంత ఉత్తరాన ఉన్నా, పర్వతాలు చలిగాలిని అడ్డుకోవడం వల్ల, సముద్రం తన వెచ్చదనాన్ని నెమ్మదిగా వదలడం వల్ల, జనవరిలో కూడా అక్కడ పగటి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ ఊరిలో ఏడాదికి సుమారు 730 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ముసురుకు పేరుపడ్డ పారిస్‌లో పడే వానకంటే ఇది ఎక్కువే. అయితే పారిస్‌లో ఆ వాన నూటికి పైగా రోజులలో తుంపరగా పడుతుంది, నీస్‌లో అరవై చిల్లర రోజులలోనే గట్టిగా కురిసి వెళ్ళిపోతుంది. పైగా అందులో అధికభాగం అక్టోబరు నుంచి వసంతం వరకే కురుస్తుంది. జూలైలో ఆకాశం దాదాపు పొడిగానే ఉంటుంది.

మనకు జూన్‌లో తొలకరి మొదలయ్యే సమయానికి అక్కడ వానలు ఎందుకు ఆగిపోతాయి? భూమధ్యరేఖ దగ్గర బాగా వేడెక్కిన గాలి పైకి లేచి, అక్కడ వానలు కురిపించి, పైపైనే ఉత్తరానికి ప్రయాణించి, దాదాపు 30 డిగ్రీల అక్షాంశం దగ్గర కిందికి దిగుతుంది. కిందికి దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ దానిలోని తేమ శాతం తగ్గుతుంది, అందువల్ల అక్కడ మేఘం కట్టదు. సహారా ఎడారి ఉన్నది అటువంటి పట్టీలోనే. సూర్యుడు ఉత్తరానికి జరిగే వేసవిలో ఈ పొడిగాలి పట్టీ కూడా ఉత్తరానికి జరిగి మధ్యధరా సముద్రం మీద కూర్చుంటుంది. చలికాలంలో అది మళ్ళీ దక్షిణానికి తగ్గుతుంది, అప్పుడు అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వీచే పడమటి గాలులకు దారి దొరికి, అల్పపీడనాలు ఒకదాని వెనుక ఒకటిగా ఆ సముద్రం మీదికి వస్తాయి. ఆల్ప్స్ దాటి వచ్చే గాలి వల్ల జెనోవా సింధుశాఖ దగ్గర కొత్త అల్పపీడనాలు కూడా పుడతాయి. చలికాలంలో కూడా 13, 14 డిగ్రీల వెచ్చదనం ఉండే సముద్రజలం వాటికి కావలసిన తేమను అందిస్తుంది. ఆ తేమగాలి తీరం వెనుక ఉన్న కొండలకు తగిలి పైకి ఎగబాకినప్పుడు కురిసే వానలోనే మేము తడిశాము.

చలికాలం మొదట్లో కురిసే వాన మన వాళ్ళకు కూడా కొత్త కాదు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే పడుతుంది. కాని అది బంగాళాఖాతం మీదుగా వచ్చే ఈశాన్య రుతుపవనాల వాన, దాని కారణాలు వేరు. ఈ రెండింటినీ కలిపి రాయవద్దు, పరీక్షలో పిల్లలు తరచుగా ఇక్కడే తడబడతారు.

నీస్‌లో సముద్రం ఒడ్డున ఏడు కిలోమీటర్ల పొడవున నడకదారి ఒకటి ఉంది. దాన్ని ప్రొమనాడ్ దెజాంగ్లే, అంటే ఇంగ్లీషువాళ్ళ నడకదారి, అంటారు. అక్కడ ఒడ్డున ఇసుక ఉండదు, గుండ్రని బూడిదరంగు గులకరాళ్ళే ఉంటాయి. గాలివాన ఎక్కువైన రోజున కెరటాలు ఆ రాళ్ళను తీసుకువచ్చి నడకదారి మీద పడేస్తాయి, మరునాడు పురపాలక సిబ్బంది వాటిని ఎత్తి తిరిగి ఒడ్డున పోయడం మేము చూశాము. ఆ ఊరి మధ్యగా పయ్యోన్ అనే చిన్న నది పోతుంది. మన వాగుల మాదిరిగానే ఏడాదిలో ఎక్కువ కాలం దానిలో నీరు పెద్దగా ఉండదు, కొండల్లో వాన పడితే మాత్రం ఒక్కసారిగా పొంగుతుంది. పూర్వం ఆ నది ఒడిలో బట్టలుతికే స్త్రీలను హెచ్చరించడానికి గుర్రపు రౌతు ఒకడు ‘పయ్యోన్ వస్తోంది’ అని ఆ ఊరి భాషలో అరుస్తూ ముందుగా పరుగెత్తుకుంటూ వచ్చేవాడట. ఇప్పుడు ఊరిలో ఆ నదిని పైన కప్పేసి ఉద్యానవనం వేశారు. కాని ఆ ప్రమాదం పాతకాలపు కథ అనుకోవద్దు. 2020 అక్టోబరు 2న వచ్చిన అలెక్స్ తుపానుకు నీస్ వెనుక కొండల్లో ఒక్క రోజులోనే సుమారు 500 మిల్లీమీటర్ల వాన పడి, వెసుబీ, రొయా లోయలలో వంతెనలు, రోడ్లు, ఇళ్ళు కొట్టుకుపోయాయి, మనుషులు చనిపోయారు. ఏడాది వానలో మూడింట రెండు వంతులంత నీరు ఒక్క రోజున పడితే ఏ లోయ తట్టుకోగలదు?

ఇక చెట్ల సంగతి. మొక్కకు వేడి, నీరు రెండూ ఒకే కాలంలో దొరకడం మనకు అలవాటు కాబట్టి మన పొలాలు వానాకాలంలో పచ్చబడతాయి. అక్కడ వేడి ఉన్నప్పుడు నీరు ఉండదు, నీరు ఉన్నప్పుడు వేడి ఉండదు. అందుకే ఆలివ్ చెట్టు ఆకులు చిన్నవిగా, దళసరిగా, అడుగున వెండిరంగు నూగుతో ఉంటాయి. వేసవిలో నీటిని బయటికి పోనివ్వకుండా బిగబట్టుకుని, చలికాలపు వానలలో నేలలోకి ఇంకిన తడితో ఆ చెట్టు బతుకుతుంది. ఆలివ్ కాయల కోత కూడా చలికాలపు పనే, చెట్ల కింద వలలు పరిచి కాయలు దులుపుతారు. మేము వెళ్ళేసరికి మిమోజా పూసింది. అది 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన చెట్టు, ఇప్పుడు కొండల మీద అడవిగా పెరిగిపోయింది. వాన వెలిసిన ఒక ఉదయం ఆ పసుపుపచ్చని పూలగుత్తులను చూడగానే మీ అమ్మమ్మ ‘ఇది తుమ్మపువ్వే’ అన్నది. ఆమె మాట నిజానికి దగ్గరే, ఆ చెట్టు మన తుమ్మకు చుట్టమే. వృక్షశాస్త్రం చదవని మనిషి పువ్వును చూసి వంశాన్ని గుర్తుపట్టినందుకు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

అసలు ఆ ఊరు పెరిగిందే చలికాలం వల్ల. రెండు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లండు నుంచి ధనవంతులు, ముఖ్యంగా ఊపిరితిత్తుల జబ్బులవాళ్ళు, తమ దేశపు చలిని తప్పించుకోవడానికి అక్కడికి వచ్చేవారు. ఆ నడకదారికి పేరు వాళ్ళ వల్లనే వచ్చింది. 1860లో నీస్ ఫ్రాన్సులో కలిసింది, 1864లో రైలు వచ్చింది, ఆ తరువాత హోటళ్ళు వెల్లువగా వెలిశాయి. విక్టోరియా రాణి 1890ల చివర వరుసగా సిమియే అనే ఎత్తు ప్రదేశంలో బస చేసేది, ఆమెకు హిందుస్తానీ నేర్పిన మన దేశస్థుడు అబ్దుల్ కరీం కూడా వెంట వచ్చేవాడు. చలికాలపు విడిదిగా పెరిగిన నగరమన్న కారణం చేతనే యునెస్కో 2021లో నీస్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వానకు సంబంధించి అక్కడ నాకు అన్నింటికంటే నచ్చిన సంగతి చిత్రకారుడు ఆంరీ మతీస్‌ది. ఆయన ఉత్తర ఫ్రాన్సువాడు. 1917 డిసెంబరులో, నలభై ఎనిమిదేళ్ళు నిండబోతుండగా, ఎండలో జలుబు, దగ్గు తగ్గించుకుందామని నీస్‌కు వచ్చి సముద్రానికి ఎదురుగా బో రివాజ్ అనే హోటలులో దిగాడు. వాన పట్టుకుంది. వారాల తరబడి వదలలేదు. బయటికి వెళ్ళి బొమ్మలు వేసే వీలు లేక ఆయన ఆ చిన్న గదినే, అందులోని కిటికీని, కుర్చీని, తన వయొలిన్ పెట్టెను చిత్రించాడు. చివరికి విసిగి వెళ్ళిపోదామని నిశ్చయించుకున్న మరునాడే ఉత్తరపు గాలి వీచి మబ్బులను తరిమేసింది. వాన కడిగిన ఆ వెలుగును చూసి ఆయన ఆగిపోయాడు, 1954లో మరణించేదాకా తన జీవితంలో ఎక్కువ భాగం ఆ ప్రాంతంలోనే గడిపాడు. సిమియేలో ఆయన మ్యూజియం ఉంది, సమాధి కూడా అక్కడే ఉంది. మేము ఆ మ్యూజియానికి వెళ్ళినది కూడా వాన రోజునే. కిటికీ బయటి వెలుగును ఆయన ఎంత జాగ్రత్తగా గదిలోకి రానిచ్చాడో ఆ బొమ్మల ముందు నిలబడితే తెలుస్తుంది, పుస్తకంలోని అచ్చులో అది కనిపించదు.

తిండి గురించి మీ అమ్మ అడిగింది. పాతబస్తీలో సొక్కా అనే పలుచని అట్టు దొరుకుతుంది. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి, పెద్ద రాగి పళ్ళెంలో పోసి, కట్టెల పొయ్యిలో కాల్చి, మిరియాలపొడి చల్లి ఇస్తారు. వానలో వేడివేడిగా తింటే కడుపు నిండింది.

చివరగా, ఆ వానకూ మనకూ ఉన్న సంబంధం చెప్పాలి. మధ్యధరా ప్రాంతంలో పుట్టిన అల్పపీడనాలలో కొన్ని అక్కడితో ఆగవు. పై ఎత్తున వీచే బలమైన పడమటి గాలులు వాటిని ఇరాన్, అఫ్గానిస్థాన్‌ల మీదుగా తూర్పుకు తోసుకువస్తాయి. వార్తలలో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని మీరు వినేది వాటినే. హిమాలయాల మీద మంచు, పంజాబు, హర్యానా గోధుమచేలకు జనవరి తడి వాటివల్లనే దొరుకుతాయి. అటువైపు మనం చేసేది కూడా ఉంది. జూలైలో మన రుతుపవనాల వానల వల్ల పైగాలికి అందే వేడి పడమటి దిక్కున ఒక పెద్ద గాలి అలను పుట్టించి, తూర్పు మధ్యధరా ప్రాంతం మీద గాలిని కిందికి దింపడం అక్కడి వేసవి ఎండకు ఒక కారణమని 1996లో రాడ్‌వెల్, హాస్కిన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు.

ఇటువంటి శీతోష్ణస్థితి కాలిఫోర్నియాలో, నడిమి చిలీలో, దక్షిణాఫ్రికా కొసన, ఆస్ట్రేలియా నైరుతి మూలన కూడా ఉంది. శాన్‌హోజేలో ఉన్న మీ మావయ్య జూన్‌లో పంపిన ఫోటోలలో కొండలన్నీ ఎండిన గడ్డితో ఎందుకున్నాయో, ఫిబ్రవరిలో పంపినవాటిలో ఎందుకు పచ్చగా ఉన్నాయో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఆ రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి, కారణం మీ మాటలలో రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య