ఊరకుక్కకు ఇల్లు దొరకడం ఎందుకింత కష్టం?

షెల్టర్‌ నుంచి కుక్కను తెచ్చుకుందాం అనగానే మా అత్తయ్య అన్న మొదటి మాట "ఊరకుక్కనా?". ఆవిడను తప్పు పట్టి లాభం లేదు, ఆ మాట వెనక చాలా చరిత్రే ఉంది.

మన ఊళ్లలో ఊరకుక్కకు యజమాని ఉండేవాడు కాదు గానీ ముద్దకు లోటుండేది కాదు. రాత్రి మిగిలిన అన్నం ఎవరో ఒకరు వాకిట్లో పెడితే తిని వీధంతా కాపలా కాసేది, గడప మీద కాలు పెడితే మాత్రం చీపురు లేచేది. అది వీధిది, ఏ ఇంటిదీ కాదు.

పట్నాల్లో తెల్లదొరలకు అదే వీధికుక్క పెద్ద బెడద అయింది. 1832లో బొంబాయిలో కుక్కల్ని చంపిస్తుంటే పార్శీలు తిరగబడ్డారు, బజార్లు మూతపడ్డాయి, పెద్ద గొడవే జరిగింది. అయినా ఆ పని ఆగలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా మున్సిపాలిటీలకు తెలిసిన దారి కుక్కల బండి ఒక్కటే. నాట్యకారిణి, అప్పటి రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల వల్ల వచ్చిన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో సైతం వీధికుక్కల్ని చంపడానికి వెసులుబాటు ఉంచేశారు!

చంపితే ఖాళీ అయిన చోటికి పక్క వీధివి వచ్చి చేరతాయి, పిల్లల్ని పెడతాయి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయండి అని చెన్నైలోని జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ వాళ్లు 1964 నుంచీ మొత్తుకుంటే అక్కడి కార్పొరేషన్ 1996లో గానీ ఒప్పుకోలేదు. 2001లో కేంద్రం ఇదే పద్ధతిని దేశమంతటికీ నిబంధనగా తెచ్చింది. పట్టుకో, ఆపరేషన్ చెయ్యి, రేబిస్ టీకా వెయ్యి, పట్టుకున్న చోటే వదులు. మంచి పద్ధతే, కానీ ఇందులో 'ఇల్లు' అన్న ఊసే లేదు. షెల్టర్ అంటే కుట్లు మానేదాకా ఉంచే చోటు, లేదా కారు కింద పడ్డవాటికి ఆసుపత్రి. హైదరాబాద్‌లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటివి పెంచుకునేవాళ్లను వెతికి మరీ కుక్కల్ని అప్పగిస్తూ వచ్చాయి గానీ, అది వాళ్ల ఓపిక.

మరి కుక్క కావాలనుకున్నవాళ్లు ఎటు పోయారు? షాపుకి. 2003లో ఒక ఫోన్ కంపెనీ యాడ్ వచ్చాక పగ్ పేరే 'హచ్ కుక్క' అయిపోయింది, అందరికీ అదే కావాలి. మన ఎండలకు ఆ చప్పిడి ముక్కుతో ఊపిరాడక అది రొప్పుతుంటుంది పాపం, అయినా స్టేటస్ కదా.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేశాక జనంలో భయం పెరిగింది, అది కాదనలేని భయమే. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలో వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, 22న సవరించి, రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక తిరిగి వదలమంది. అందులోనే ఇంకో మాట కూడా ఉంది. దత్తత తీసుకుంటామంటే ఇవ్వండి, కానీ అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత వాళ్లదే. అదే నెలలో జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. కుక్కపిల్లలకైతే ఎవరో ఒకరు దొరుకుతారు. ఐదేళ్ల కుక్కను, అందులోనూ కుంటిదాన్ని, ఎవరడుగుతారు?

మేం తెచ్చుకున్నది అలాంటిదే. చెవికి ఆపరేషన్ అయిందని గుర్తుగా పెట్టిన గాటు, వెనక కాలు ఈడుస్తుంది, అప్పటికే ఒక ఇంటికెళ్లి అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకోక వెనక్కొచ్చింది. ఆటో దిగి మెట్లెక్కి గడప దగ్గర ఆగిపోయింది. బిస్కెట్ చూపించినా, పిలిచినా లోపలికి రాదు, తోక కాళ్ల మధ్య పెట్టుకుని మా మొహాలు చూస్తోంది. మూడు రోజులు బయట పట్టా మీదే తింది. నాలుగో రోజు నుంచి మా అత్తయ్యే, ఎవరికీ చెప్పకుండా, పళ్లేన్ని రోజుకో టైల్ చొప్పున లోపలికి జరపడం మొదలుపెట్టింది.

ఇప్పుడు వంటింటి దాకా వస్తుంది. రాత్రి మాత్రం గడప దగ్గరే పడుకుంటుంది, తల లోపలికి, తోక బయటికి పెట్టి.