మ్యాకా పీసీనా అనే గొడవ అసలు ఎక్కడ మొదలైంది

"ఎడిటింగ్‌కి సిస్టమ్ తీసుకుందాం అనుకుంటున్నా, మ్యాక్‌కి వెళ్లమంటారా, పీసీ అసెంబుల్ చేయించుకోమంటారా అన్నా?" ఏ ఎడిటర్ల వాట్సాప్ గ్రూప్ చూసినా వారానికోసారి ఈ ప్రశ్న పడుద్ది. కింద రిప్లైలు కుప్పలు తెప్పలు, సగం మంది మ్యాకే అంటారు, మిగతా సగం ఆ డబ్బుతో రెండు పీసీలు వస్తాయి కదా అంటారు, సాయంత్రానికి అడిగినోడు ఇంకా అయోమయంలో పడతాడు. ఈ గొడవకి ముప్పై అయిదేళ్ల పైన చరిత్ర ఉంది. నన్నడిగితే ఇందులో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగింది, డబ్బా మూత తీసి మనకి కావాల్సిన కార్డు మనల్ని పెట్టుకోనిస్తారా లేదా అని.

1989కి వెళ్దాం. బిల్ వార్నర్ పెట్టిన ఎవిడ్ కంపెనీ మీడియా కంపోజర్ అనే ఎడిటింగ్ సిస్టమ్ తెచ్చింది, అది నడిచింది మ్యాకింటోష్ 2 మీద. ఆ మెషిన్‌లో 6 నూబస్ స్లాట్లు, అంటే కార్డులు గుచ్చే గాళ్లు, ఉండేవి, అదే అసలు సంగతి. ఎందుకంటే అప్పటి ప్రాసెసర్‌కి వీడియో ఆడించే ఓపిక లేదు, ఆ పనంతా లోపల గుచ్చిన కార్డులే చేసేవి. బొమ్మ కూడా మసకమసకగా ఉండేది, హార్డ్ డిస్కులు బంగారం రేటు, కాబట్టి కట్ ఎక్కడ పడాలో అందులో తేల్చుకుని, ఆ లిస్ట్ పట్టుకెళ్లి అసలు టేపు మీద పని మళ్లీ చేసుకునేవాళ్లు. అయినా సరే, టేపు ముందుకీ వెనక్కీ తిప్పే బాధ లేకుండా షాట్ తీసి ఎక్కడైనా పెట్టొచ్చు అనేసరికి జనం ఎగబడ్డారు. 1991లో మ్యాక్‌లో వీడియో ఆడించే క్విక్‌టైమ్ వచ్చింది, అదే ఏడాది అడోబీ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ కూడా ముందు మ్యాక్ మీదే వచ్చింది. ఎడిటింగ్ అంటే మ్యాక్ అనే మాట అక్కడ పుట్టింది. (పక్కన అమీగా కంప్యూటర్‌లో పెట్టే వీడియో టోస్టర్ అని ఒక కార్డు 1990లో వచ్చి చిన్న స్టూడియోలని ఊపేసింది, 1994లో అమీగా తయారుచేసే కమడోర్ దివాలా తీసింది. మెషిన్ చేసినోడే మునిగితే మీ కార్డు ఎంత గొప్పదైనా ఏం లాభం.)

తర్వాత కథ అడ్డం తిరిగింది. 1997 మొదట్లో వచ్చిన పవర్ మ్యాక్ 9600లో 6 పీసీఐ స్లాట్లు (నూబస్ తర్వాతి రకం) ఉన్నాయి, అదే ఏడాది చివర్లో వచ్చిన పవర్ మ్యాక్ జీ3లో మూడే ఉన్నాయి. ఎవిడ్ కార్డుల సెట్టు మూడింట్లో ఎక్కడ పడుద్ది, బయట ఇంకో డబ్బా తగిలించుకోవాల్సి వచ్చింది. పైగా యాపిల్ అప్పుడు మునుగుతుందో తేలుతుందో ఎవరికీ తెలీదు. దాంతో 1999లో ఎవిడ్ వాళ్లు ఇకనుంచి మా దారి విండోస్ ఎన్‌టీ అన్నారు, ఎడిటర్లు గోల గోల చేస్తే మళ్లీ వెనక్కి తగ్గారు. ఈ లోపు యాపిల్ వేరే లెక్క వేసుకుంది. ప్రీమియర్‌ని మొదట రాసిన ర్యాండీ యుబిలోస్, మాక్రోమీడియాలో ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటే యాపిల్ దాన్ని 1998లో కొనేసి, 1999లో ఫైనల్ కట్ ప్రో పేరుతో 999 డాలర్లకి వదిలింది. అదే ఏడాది జీ3 మెషిన్‌కి ఫైర్‌వైర్ పోర్ట్ ఇచ్చింది. డీవీ కెమెరా నుంచి ఒక్క వైరు తగిలిస్తే చాలు, క్యాప్చర్ కార్డు అక్కర్లేదు. అంటే స్లాట్ల అవసరాన్నే తీసేసి గెలిచారన్నమాట. అది చిన్న సినిమాలోళ్ల సరుకులే అని పెద్దోళ్లు నవ్వుతుండగానే వాల్టర్ మర్చ్ లాంటి పేరున్న హాలీవుడ్ ఎడిటర్ జీ4 మ్యాక్‌ల మీద ఫైనల్ కట్‌తో హాలీవుడ్ పెద్ద సినిమా ఒకటి ఎడిట్ చేశాడు, అది 2003లో వచ్చింది, ఎడిటింగ్‌కి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. అడోబీ మాత్రం ఆ ఏడాదే ప్రీమియర్ ప్రోని విండోస్‌కే చేసి మ్యాక్‌ని వదిలేసింది, యాపిల్ ఇంటెల్ చిప్పులకి మారాక 2007లో గానీ తిరిగి రాలేదు.

ఇక మన దగ్గర. సినిమా ఎడిటింగ్ రూముల్లో ఎవిడ్, ఫైనల్ కట్ ఉండేవి గానీ, మన ఊళ్లలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోలకి మ్యాక్ అంటే ఫొటోలో చూడ్డమే. అక్కడ రాజ్యం విండోస్‌ది, దాని మీద నడిచే ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ది. పానసోనిక్ ఎండీ 10000 కెమెరా భుజాన వేసుకుని షూట్ చేసి, మినీడీవీ టేపులు తెచ్చి, పీసీలో ఫైర్‌వైర్ కార్డు గుచ్చి క్యాప్చర్ పెట్టేవాళ్లు, గంట టేపుకి గంట పట్టేది, 13 జీబీ దాకా తినేది, ముహూర్తం టేపు దగ్గర ఫ్రేములు డ్రాప్ అయితే మళ్లీ మొదటినుంచి. మ్యాక్ ఎందుకు రాలేదంటే రేటు ఒకటి, రిపేరు ఇంకోటి. ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) పోతే పీసీకి ఆ సాయంత్రమే ఊళ్లోనే కొత్తది వేయించుకోవచ్చు, రేపు పొద్దున రిసెప్షన్‌లో ఎల్ఈడీ స్క్రీన్ మీద వీడియో పడాలంటే అది చిన్న విషయం కాదు. క్రాక్ సాఫ్ట్‌వేర్ విండోస్‌కి తేలిగ్గా దొరకడం మూడో కారణం, ఒప్పుకోం గానీ అదీ నిజమే.

మ్యాక్ అభిమానులకి అసలు దెబ్బ 2011 జూన్‌లో తగిలింది. ఫైనల్ కట్ ప్రో టెన్ వచ్చింది, రేటు 299 డాలర్లకి దిగింది గానీ పాత ఫైనల్ కట్ 7 ప్రాజెక్టులు అందులో తెరుచుకోవు, మల్టీక్యామ్ (నాలుగైదు కెమెరాల షాట్లు కలిపి ఎడిట్ చేసే సదుపాయం) లేదు, టేపుకి అవుట్‌పుట్ లేదు, పైగా పాత వెర్షన్ అమ్మడం అప్పుడే ఆపేశారు. మల్టీక్యామ్ 2012 జనవరిలో వచ్చింది గానీ ఈ లోపు చాలామంది ప్రీమియర్‌కో ఎవిడ్‌కో వెళ్లిపోయారు. అది చాలదన్నట్టు 2013 చివర్లో నల్ల డబ్బాలాంటి గుండ్రటి మ్యాక్ ప్రో దించారు, జనం ముద్దుగా చెత్తబుట్ట అని పేరు పెట్టారు. పీసీఐ స్లాట్ ఒక్కటీ లేదు, లోపల రెండు ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ కార్డులు బిగించేసి ఉంటాయి, ఏది కావాలన్నా థండర్‌బోల్ట్ వైరుతో బయట వేలాడదీసుకోవాలి.

సరిగ్గా అదే టైమ్‌లో పీసీ వైపు జరిగింది దీనికి రివర్స్. 2010లో ప్రీమియర్ సీఎస్5 ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లోని క్యుడా (CUDA) మీద ఎఫెక్టులు నడపడం మొదలెట్టింది, డావిన్చి రిజాల్వ్‌ని 2009లో కొన్న బ్లాక్‌మ్యాజిక్ లక్షల డాలర్ల గ్రేడింగ్ (రంగులు దిద్దే) సిస్టమ్‌ని ముందు 995 డాలర్లకి, తర్వాత ఫ్రీగా కూడా ఇచ్చేసింది. అదంతా గ్రాఫిక్స్ కార్డు బలం మీద బతికే సాఫ్ట్‌వేర్. ఏడాదికో కొత్త కార్డు వస్తుంటే పీసీ వాళ్లు పాతది పీకి కొత్తది గుచ్చుకున్నారు, మ్యాక్ ప్రో వాళ్లు 2013 సరుకుతోనే కూర్చున్నారు. డిజైన్ విషయంలో వేడి దగ్గర ఇరుక్కుపోయామని యాపిల్ వాళ్లే 2017 ఏప్రిల్‌లో విలేకరుల్ని పిలిచి ఒప్పుకున్నారు. 2018లో మ్యాక్ ఓఎస్ కొత్త వెర్షన్ మొజావీ వచ్చాక కొత్త ఎన్విడియా కార్డులకి మ్యాక్‌లో డ్రైవర్లే లేకుండా పోయాయి. 2019లో 8 స్లాట్లతో కొత్త మ్యాక్ ప్రో వచ్చింది, మొదలే 5,999 డాలర్లు, ఆ రేటు చూసి మనలాంటోళ్లు ఆ పేజీ అక్కడే మూసేశారు.

ఇంతలో 2020 నవంబర్‌లో యాపిల్ సొంత చిప్పు ఎం1 వచ్చి లెక్కంతా మార్చేసింది. 2021లో ఎం1 ప్రో, మ్యాక్స్ చిప్పుల్లో ప్రోరెస్ (ఎడిటింగ్‌కి వాడే యాపిల్ వీడియో ఫార్మాట్) కోసం విడిగా ఒక భాగమే పెట్టారు, రెండేళ్ల ముందు అదే పనికి ఆఫ్టర్‌బర్నర్ అని వేరే కార్డు అమ్మారు, అది చిప్పులో కలిసిపోయింది. 2023 మ్యాక్ ప్రోలో స్లాట్లు ఉన్నాయి గానీ వాటిలో గ్రాఫిక్స్ కార్డు పెట్టినా పనిచేయదు.

ఇప్పటి గొడవ ఈ చిప్పు లోపలి భాగం గురించే, కానీ ఎక్కువమంది ఇంకా గ్రాఫిక్స్ కార్డు నంబర్లే చదువుతున్నారు. సోనీ ఏ7ఎస్ 3, ఏ7 4 లాంటి కెమెరాలు వచ్చాక పెళ్లిళ్లకి కూడా రంగుల వివరం ఎక్కువ ఉండే 10-బిట్ 4:2:2 రకం వీడియో షూట్ చేస్తున్నారు కదా, ఆ క్లిప్ పెద్ద కార్డున్న పీసీలో టైమ్‌లైన్ మీద వేస్తే నత్తనడకే. టాస్క్ మేనేజర్ తెరిచి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ట్యాబ్ చూడండి, వీడియో డీకోడ్ గీత కింద నేలకి అతుక్కుని ఉంటది, సీపీయూ మాత్రం 100 దగ్గర ఊగుతుంటది. ఎన్విడియా 40 సిరీస్ దాకా ఆ రకం ఫైల్ విప్పే భాగమే కార్డులో లేదు, లక్ష పైన పెట్టి కొన్నా సరే. 11వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో హెచ్ఈవీసీ (హెచ్.265 అని కూడా అంటారు) 4:2:2కి ఆ భాగం ఉంది, ఎం సిరీస్ మ్యాక్‌లలోనూ ఉంది, అందుకే చిన్న మ్యాక్‌బుక్ మీద సాఫీగా ఆడుతుంటే మ్యాక్ మహిమ అనుకున్నారు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ వెయ్యి రెండు వేలు తక్కువని తీసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు, ఆ ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. 2025లో వచ్చిన ఎన్విడియా 50 సిరీస్‌లో 4:2:2 కూడా పెట్టారు కాబట్టి పీసీ వైపు ఈ లోటు తీరింది. మ్యాక్ వైపు మాత్రం ర్యామ్ కొన్నప్పుడు ఎంత తీసుకుంటే అంతే, తర్వాత పెంచుకోవడం కుదరదు, అందుకని 8 జీబీ మోడల్ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుందని ఎవరైనా చెప్తే వదిలేయండి. లైనక్స్‌లో రిజాల్వ్ ఫ్రీగా నడుపుదాం అనుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి, ఆ ఫ్రీ వెర్షన్ చాలా కెమెరాలు రికార్డు చేసే హెచ్.264 ఫైళ్లనే తెరవదు, అంటే కెమెరా నుంచి వచ్చిన క్లిప్పులు ముందు కన్వర్ట్ చేసుకోవాల్సిందే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లో షాపుకి వెళ్లినా మీ కెమెరాతో తీసిన రెండు క్లిప్పులు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి అక్కడే టైమ్‌లైన్ మీద పెట్టించి చూడండి, బిల్లు తర్వాత.